తెల్ల తువ్వాళ్ళు పనికిరాని ఇల్లు

సైకిలు తొక్కేవాళ్ళ కోసం గెస్ట్‌హౌస్ పెట్టాలనుకుంటున్నాం, ఏమైనా సలహా ఇవ్వండి అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది తెల్ల తువ్వాళ్ళు కొనొద్దని. మాకు ఇల్లు అమ్మినవాళ్ళు అల్మారా నిండా ముదురు బూడిదరంగు తువ్వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళారు. ఇదేం దరిద్రపు రంగు, ఫ్రాన్స్‌లో అందరూ ఇంత శుభ్రంగా ఉంటారు కదా అనుకున్నాను. మొదటి వారం గడిచేసరికి విషయం బోధపడింది. కొండ దిగొచ్చినవాడు ఎంత బాగా స్నానం చేసినా కుడికాలి పిక్క మీద చైన్ నూనె పోదు, పళ్ళ చక్రం అచ్చు వరసగా నల్ల చుక్కల్లా పడి ఉంటుంది, అది ఒళ్ళు తుడుచుకునేటప్పుడు తువ్వాలుకి, ఆ తర్వాత దుప్పటికి, కాలు మీద కాలేసుకుని కూర్చుంటే సోఫాకి అంటుకుంటుంది. ఏ సబ్బుకీ లొంగదు. ఇంట్లో ఎవరెవరు కొండెక్కొచ్చారో పొద్దున్నే దుప్పట్లు తీస్తే చాలు, చెప్పేయొచ్చు.

ఆ ఇల్లు ఆల్ప్స్‌లో, బూర్ ద్వాజాన్ అనే ఊరి దగ్గర. గ్రెనోబుల్ నుంచి యాభై కిలోమీటర్లు. మా ఆయన ఉద్యోగం చిప్‌ల డిజైన్, దానికోసమే తెనాలి నుంచి గ్రెనోబుల్ చేరాం. అక్కడ సైకిలు పిచ్చి పట్టుకుంది ఆయనకి. గ్రెనోబుల్‌లో ఆ పిచ్చి పట్టనివాళ్ళు తక్కువ, చుట్టూ మూడు వైపులా కొండలే. ఆదివారం పొద్దున వెళితే మధ్యాహ్నం దాటాక, మొహం పీక్కుపోయి, కానీ పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చేవారు. 2010 చివర్లో ఆ ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసి, చూసొద్దాం పద అని తీసుకెళ్ళారు. చూసొద్దాం పద అంటే మగాళ్ళ లెక్కలో కొనేశాం అని అర్థం.

ఫ్రాన్స్‌లో ఇలాంటి ఇంటిని షాంబ్ర్ దోత్ అంటారు. చట్టం ప్రకారం ఐదు గదులకి మించకూడదు, ఒకేసారి పదిహేను మందికి మించి ఉండకూడదు, ఇంటివాళ్ళే స్వాగతం చెప్పాలి, పొద్దుటి టిఫిను గది అద్దెలోనే కలిపి ఇవ్వాలి. రాత్రి భోజనం కూడా పెడతామంటే మెనూ కార్డు ఉండదు, అందరికీ ఒకటే వంట, ఒకే బల్ల. మన ఇంటికి చుట్టాలొస్తే ఎలాగో అలాగే, కాకపోతే వెళ్ళేటప్పుడు బిల్లిస్తాం. మనిషికి, రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను వసూలు చేసి మున్సిపల్ ఆఫీసులో కట్టాలి. అది సెంట్లలో ఉండే లెక్క, దానికోసం నేను పెట్టుకున్న పుస్తకాలు చూస్తే మా నాన్నగారి కిరాణా ఖాతాలు గుర్తొచ్చేవి.

ఊరు చూస్తే కొండల మధ్య పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఆల్ప్స్ నడుమ ఇంత చదునైన నేల ఎలా వచ్చిందని నేను మా పక్కింటి పెద్దాయన్ని అడిగితే, "ఇదంతా చెరువు అడుగు" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. నిజమే. 1191లో కొండచరియలు విరిగిపడి రోమాంష్ నదికి అడ్డంగా కట్టలా నిలిచాయి, వెనక పెద్ద సరస్సు తయారైంది, 1219 సెప్టెంబరులో ఓ రాత్రి ఆ కట్ట తెగి కింద గ్రెనోబుల్ మునిగిపోయింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సంగతి ఆ పెద్దాయన మొన్న జరిగినట్టు చెప్పాడు, గ్రెనోబుల్ వాళ్ళు ఆనాటి కోపం ఇంకా మనమీద ఉంచుకున్నారని కూడా అన్నాడు. ఆ చదును నేల వల్ల సైకిళ్ళవాళ్ళకి ఒక బాధుంది. మధ్యాహ్నం దాటాక లోయలో ఎదురుగాలి మొదలవుతుంది. రోజంతా కొండలు దిగీ ఎక్కీ వచ్చినవాడు, ఇల్లు కనబడుతుండగా ఆఖరి చదును కిలోమీటర్లలో ఏడుపొక్కటే తక్కువగా వస్తాడు.

ఇక్కడో మాట చెప్పాలి. నేను సైకిలు తొక్కను. తెనాలిలో కాలేజీకి లేడీస్ సైకిలు మీద వెళ్ళేదాన్ని, అదే ఆఖరు. ఆల్ప్ ద్యుయెజ్ కొండ ఎక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం మా ఇంటికొచ్చేవాళ్ళు, నేను మాత్రం ఆ కొండ ఎప్పుడెక్కినా కారులోనే. అయినా ఆ దారిలో ఏ మలుపు ఎలాంటిదో నాకు తెలుసు, ఎందుకంటే సాయంత్రం నాలుగు నుంచి మా గేటు దగ్గర నేను చూసే మొహాల మీద అదంతా రాసే ఉంటుంది.

కొండ కథ ఇది. ఊరి బయట వంతెన దాటగానే మొదలు, 13.8 కిలోమీటర్లు, సగటున ఎనిమిది శాతం పైన వాలు, 21 మెలికలు. మెలికలకి నంబర్లుంటాయి, కింద 21, పైకి పోయేకొద్దీ తగ్గుతూ 1. టూర్ ద ఫ్రాన్స్ అంటే మూడు వారాల సైకిలు రేసు, రోజుకో స్టేజీ. ప్రతి బోర్డు మీదా అక్కడ స్టేజీ గెలిచినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. 1952లో మొదటిసారి ఒక స్టేజీ ఆ కొండ మీద ముగిసింది, గెలిచింది ఇటలీ ఆయన ఫౌస్తో కోప్పి, ఆయన పేరు 21 దగ్గర ఉంటుంది. అన్నిటికంటే నిటారుగా ఉండేది మొట్టమొదటి రెండు కిలోమీటర్లే, లా గార్ద్ అనే పల్లె దాకా. కొత్తవాళ్ళందరూ అక్కడే దెబ్బతింటారు. పొద్దున టిఫిను తిని, కాళ్ళు తాజాగా ఉండి, పక్కన ఇంకెవడో దాటిపోతుంటే రోషం వచ్చి, మొదటి ఐదు మెలికల్లోనే బలమంతా ఖర్చుపెట్టేస్తారు. మార్కో పంతానీ ముప్పై ఏడు నిమిషాల చిల్లరలో ఎక్కాడని చదివొచ్చి తన టైము లెక్కేసుకునే పెద్దమనుషులు గంటన్నరకి పైకి చేరి, సాయంత్రం నా ఎదుట "గాలి ఎక్కువగా ఉందండీ ఇవాళ" అంటారు. ఆ కొండ మీద మెలికల్లో గాలి పెద్దగా తగలదు. నేనెందుకు అనడం, సూపు పోసేదాన్ని.

మా ఆయన సామ్రాజ్యం సైకిళ్ళ గది. ఒకప్పుడు పశువుల కొట్టం. ఇనుప తలుపు, రెండు తాళాలు, ఎందుకంటే లోపలున్న ఒక్కో సైకిలు మా కారుకంటే ఖరీదు. విమానంలో పెట్టెల్లో విప్పి తెచ్చుకున్న సైకిళ్ళని శనివారం సాయంత్రం అక్కడ బిగించుకునేవాళ్ళు. రబ్బరు, గ్రీజు, చెమట కలిసిన వాసన. చిరిగిన పాత దుప్పట్లు ముక్కలు చేసి డబ్బాలో వేసిస్తే చైన్ తుడుచుకునేవాళ్ళు. ఎడమ పెడలు మర ఉల్టాగా తిరుగుతుందన్న సంగతి ఏళ్ళ తరబడి తొక్కేవాళ్ళు కూడా ఆ ఒక్క నిమిషంలో మర్చిపోయి, బలంగా రెంచీ పట్టి అటే తిప్పుతూ ఉంటారు. మా ఆయన ఏం మాట్లాడకుండా భుజం తట్టి రెంచీ ఇటు తీసుకునేవారు. ఆయన చూపు మనిషి మీద కంటే వెనక చక్రం మీదే ఎక్కువ. హాలండ్ నుంచి వచ్చేవాళ్ళు చాలామంది చదును దేశానికి సరిపోయే గేర్లతో వచ్చేవాళ్ళు, వెనక చక్రానికి పెద్ద పళ్ళ చక్రాలున్న క్యాసెట్ లేదంటే ఈ కొండ మీద మోకాళ్ళు పోవాల్సిందే. "రేపు ఊళ్ళో షాపుకెళ్ళి క్యాసెట్ మార్పించుకో బాబూ" అని నెమ్మదిగా చెప్పేవారు. సగం మంది వినేవాళ్ళు కాదు, మంగళవారానికి వెళ్ళి మార్పించుకునేవాళ్ళు.

ఒకసారి ఒక ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఒకాయన సైకిలు పెట్టె ఎక్కడో పోగొట్టారు. ఏడాదంతా ఎదురుచూసి, పెళ్ళాన్ని ఒప్పించుకుని వచ్చిన మనిషి. పోన్లే మా ఆయన సైకిలు తీసుకోమన్నాం, ఆరడుగుల మూడంగుళాల మనిషికి మా ఆయన సైకిలేం సరిపోతుంది! మూడు రోజులు మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని నాకు బంగాళదుంపలు చెక్కు తీసి పెట్టాడు. పెట్టె గురువారం వచ్చింది. ఆ సాయంత్రమే ఎక్కొచ్చాడు. తర్వాత ఏటా వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ ఒక పూట దుంపలు ఆయనే చెక్కేవాడు.

వంట గురించి చెప్పకపోతే నాకే తోచదు. సైకిళ్ళవాళ్ళ ఆకలి మామూలు ఆకలి కాదు. ఫ్రెంచి వాళ్ళు మనిషికి వంద గ్రాముల ఎండు పాస్తా అని లెక్క కడతారు, మా ఇంట్లో రెండొందలు, అదీ మొదటి వాయి. రాత్రి భోజనం ఏడున్నరకే అయినా నాలుగింటికి బల్ల మీద ఏదో ఒకటి ఉండి తీరాలి. మొదట్లో కేకులు చేసిపెట్టేదాన్ని, ఫ్రెంచి అలవాటు అదే. కానీ నేను చూసిందేంటంటే వాళ్ళు కేకు వైపు చూసి, మొహమాటానికో ముక్క తీసుకుని, నేనటు తిరగ్గానే ఉప్పు బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసేవాళ్ళు. పొద్దుట్నుంచీ తీపి జెల్లులు, తీపి నీళ్ళు తాగి తాగి నోరు మొద్దుబారి ఉంటుంది, చెమటకి ఒంట్లో ఉప్పంతా పోయి చొక్కా మీద తెల్లటి చారికలు కట్టి ఉంటాయి. అప్పట్నుంచి నిమ్మకాయ పులిహోర మొదలుపెట్టాను. ఎండుమిరపకాయలు సగానికి తగ్గించి, ఉప్పు పావు వంతు పెంచి. గిన్నెడు పులిహోర పది నిమిషాల్లో మాయం. మర్నాడు దాన్నే ముద్దలు చేసి రేకులో చుట్టిస్తే చొక్కా వెనక జేబులో పెట్టుకుపోయేవాళ్ళు. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా అన్నం ముద్దలే తింటారుట, తియ్యగా చేసుకుని. ఆ తియ్యటి అన్నం నాకు మింగుడుపడదు, అది వేరే విషయం. అలాగని రోజూ మన వంట పెట్టేదాన్ని కాదు. వాళ్ళొచ్చింది ఫ్రాన్స్‌కి. బంగాళదుంపలు పల్చగా తరిగి, వెల్లుల్లి రాసిన పళ్ళెంలో మీగడ పోసి ఓవెన్‌లో సన్నని సెగన గంటన్నర ఉంచే గ్రాతాన్ ఆ ప్రాంతపు వంట. పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నాను. అందులో చీజ్ వేయకూడదని ఆవిడ నాతో ఒట్టేయించుకున్నంత పని చేసింది. గ్రెనోబుల్ అక్రోట్లతో తీపి పళ్ళెం, సాన్ మార్సెలాన్ చీజు, రొట్టె. రాత్రి తొమ్మిదికల్లా ఇల్లంతా నిశ్శబ్దం, పైన మెట్ల మీద నెప్పుల మూలుగులు తప్ప.

జులై మొదట్లో మార్మోట్ అనే సైకిలు పోటీ జరిగే రోజు ఉండేది చూడండి, ఆ రోజు మాత్రం మాకు శివరాత్రే. 1982 నుంచీ జరుగుతున్న పోటీ, ఎవరైనా డబ్బు కట్టి పాల్గొనొచ్చు. 174 కిలోమీటర్లు, గ్లాండన్, తెలెగ్రాఫ్, గాలిబియే కనుమలు దాటి తిరిగొచ్చి ఆఖర్న మా కొండ. మొత్తం ఎక్కుడు ఐదు వేల మీటర్లు. మా ఊళ్ళోనే పొద్దున ఏడింటికి మొదలు కాబట్టి నాలుగున్నరకి టిఫిను. బేకరీ అప్పటికి తెరవదు, రొట్టెలు ముందురోజు సాయంత్రమే తెచ్చి గుడ్డ చుట్టి ఉంచాలి. ఆ వేళ ఒక్కరూ మాట్లాడరు. చెంచాల చప్పుడే. బాత్రూముల దగ్గర క్యూ. వాళ్ళని పంపించి పక్కలు సర్ది, వండి, సాయంత్రం అయిదు నుంచి లెక్కపెట్టుకోవడం మొదలు, ఎంతమంది వచ్చారు, ఎవరు రాలేదు. ఫోను చేస్తే ఎత్తరు, కొండెక్కుతూ ఎలా ఎత్తుతారు. చీకటి పడుతుంటే, "ఏవండీ, ఆ పొడుగాయన ఇంకా రాలేదు" అంటే, "వస్తాడులేవే, నువ్వు టెన్షన్ పడితే చక్రం తొందరగా తిరగదు" అనేవారు మా ఆయన. అంటూనే కారు తాళాలు జేబులో వేసుకునేవారు.

గాలిబియే అంటే నాకు భయం. 2,642 మీటర్లు. మా ఊరి నుంచి లోతారే కనుమ దాకా పోయి ఎడమకి తిరిగి ఇంకో ఎనిమిదిన్నర కిలోమీటర్లు. లోయలో ముప్పై డిగ్రీల ఎండ కాస్తుంటే పైన మూడు డిగ్రీలుండొచ్చు, జూన్‌లో కూడా రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలుంటాయి. ఎక్కేటప్పుడు చలెయ్యదు, ఒళ్ళు మరుగుతూ ఉంటుంది. దిగేటప్పుడే ప్రమాదం, తడిసిన బట్టలతో, తొక్కే పని లేకుండా, గంటకి యాభై అరవై వేగంతో ఎదురుగాలి. ఒక జూన్‌లో మధ్యాహ్నం హఠాత్తుగా వడగళ్ళ వాన పట్టుకుంది. ఒక ఇంగ్లీషాయన, అరవై దాటినవాడు, నీలంగా తిరిగిన పెదాలతో గేటు దగ్గర సైకిలు దిగి నిలబడిపోయాడు. హెల్మెట్ బకిల్ తీసుకోవడానికి వేళ్ళు పనిచేయడం లేదు. నేనే తీశాను. బ్రేకు పట్టీ పట్టీ వేళ్ళు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. వేడినీళ్ళ షవర్లోకి వెంటనే తోయకూడదు, ముందు తడిబట్టలు తీసి, దుప్పట్లు కప్పి, వెచ్చని తియ్యటి టీ తాగించాలని మా ఆయన కేకలేస్తున్నారు. అప్పుడాయన చొక్కా జిప్పు తీస్తే లోపల గుండెల మీద న్యూస్‌పేపరు ముద్దగా తడిసి అంటుకుని ఉంది. లోతారేలో కాఫీ హోటలువాళ్ళు ఇచ్చారుట. పాతకాలం రేసుల్లో పైన కనుమ దగ్గర జనం పేపర్లు అందిస్తే చొక్కాల్లో దోపుకుని దిగేవాళ్ళు, గాలి లోపలికి రాకుండా. ఆ పేపరు అక్కడి దినపత్రిక దోఫినే లిబెరే. 1947లో తన పేరు మీదే ఓ సైకిలు రేసు మొదలుపెట్టిన పేపరది, పేరు మారినా టూర్‌కి ముందు జూన్‌లో ఇప్పటికీ జరుగుతుంది. మేము అదే పేపరు పాత కట్టలు దాచి తడి బూట్లలో కుక్కేవాళ్ళం, తెల్లారేసరికి పొడిబారేవి. చదవడానికి మాత్రం మా ఇంట్లో ఆ పేపరు తిరగేసింది మా పక్కింటి పెద్దాయనొక్కడే అనుకుంటా, రోజూ కాఫీకొచ్చి.

హాలండ్ వాళ్ళ గురించి విడిగా చెప్పాలి. ఆ కొండని వాళ్ళు డచ్చి కొండ అంటారు, ఎందుకంటే అక్కడ జరిగిన మొదటి పద్నాలుగు రేసు ముగింపుల్లో ఎనిమిది వాళ్ళవాళ్ళే గెలిచారు. తమ దేశంలో కొండన్నదే లేని జనానికి ఇంకొకళ్ళ కొండ మీద అంత మమకారం! ఏడో నంబరు మెలిక వాళ్ళది, చర్చి పక్కన, టూర్ రోజున అక్కడ నారింజరంగు తప్ప ఇంకేం కనబడదు. జూన్‌లో ఆల్ప్ ద్యుజెస్ అని ఇంకోటి చేస్తారు, 2006లో మొదలైంది, క్యాన్సర్ పరిశోధన కోసం చందాలు పోగుచేసి ఒకే రోజు ఆ కొండని ఆరుసార్లు వరకూ ఎక్కుతారు. తెల్లారకముందే చీకట్లో మొదలు, మెలికల్లో దీపాలు వెలిగించి ఉంచుతారు.

ఒక ఏడాది వాళ్ళ గుంపులో ఐండ్‌హోవెన్ నుంచి ఒక తెలుగబ్బాయి వచ్చాడు. ఆఫీసు వాళ్ళతో. నేను తెలుగులో పలకరించేసరికి చేతిలో బ్యాగు కింద పెట్టేశాడు. రాజమండ్రి వాళ్ళది. మూడోసారి ఎక్కి దిగొచ్చి గేటు లోపల గడ్డి మీద కూలబడి, "అక్కా, పెరుగన్నం ఉందా?" అన్నాడు. కలిపి తెచ్చి ఇచ్చాను, మాగాయ ముక్క వేసి. తింటూ తింటూ ఫోనులో ఒక ఫొటో చూపించాడు, వాళ్ళ నాన్నగారిది. సైకిలు హ్యాండిలు మీద అదే ఫొటో ప్లాస్టిక్ కవరులో పెట్టి టేపుతో అతికించుకున్నాడు, చెమటకి టేపు ఊడిపోతోంది. మా ఆయన వెళ్ళి పాత టేపు తీసి, తుడిచి, కొత్తది చుట్టి ఇచ్చారు. మళ్ళీ ఎక్కాడు. ఎన్నిసార్లు ఎక్కాడని నేను అడగలేదు.

టూర్ ద ఫ్రాన్స్ వచ్చే ఏడాది సంగతే వేరు. మేము కొన్నాక మొదటి వేసవిలోనే, 2011లో వచ్చింది, ఇంటి పనే తెలియని రోజులు, ఏం చూశానో ఏం వండానో గుర్తులేదు. 2013 మాత్రం కళ్ళకి కట్టినట్టుంది. నూరో టూర్ అని ఒకే రోజు ఆ కొండని రెండుసార్లు ఎక్కించారు. పైకి ఎక్కి, సారెన్ కనుమ మీదుగా సన్నని దారిలో దిగి, మళ్ళీ ఎక్కాలి. వారం ముందునుంచే మెలికల్లో క్యాంపరు వ్యాన్లు. ఆ నెల మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. వరండాలో కూర్చుని చిక్కుళ్ళు వొలుస్తూ రోడ్డు మీద పోయే సైకిళ్ళని చూసి, "ఏం పాపం చేశారే అమ్మాయ్ వీళ్ళంతా, ఈ శిక్షేమిటి?" అని రోజూ అడిగేవారు. "ఎవరూ వెయ్యలేదత్తయ్యా, డబ్బిచ్చి మరీ వేసుకుంటున్నారు" అంటే నమ్మేవారు కాదు.

రేసు రోజున రోడ్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే నడుచుకుంటూ కింది మెలికల దాకా వెళ్ళి గొడుగేసుకుని కూర్చున్నాం. రేసు కంటే ముందు ప్రచార వాహనాల ఊరేగింపు వస్తుంది, రథాల్లా అలంకరించిన బళ్ళ మీంచి టోపీలు, తాళంచెవుల గొలుసులు, మిఠాయి పొట్లాలు విసురుకుంటూ పోతారు. అంతవరకూ మోకాళ్ళ నొప్పులని గొడుగు కిందనుంచి కదలని మా అత్తగారు, ఒక సాసేజీల కంపెనీ బండి విసిరిన ఎరుపు తెలుపు గళ్ళ టోపీ కోసం ఒక జర్మన్ కుర్రాడితో పోటీపడి ఎగిరి పట్టుకున్నారు. శాకాహారి ఆవిడ. అది సాసేజీల టోపీ అని ఈరోజుకీ చెప్పలేదు మేము, తెనాలిలో డాబా మీద వడియాలు పెట్టేటప్పుడు అదే పెట్టుకుంటారు. ఆ రోజు గెలిచింది ఫ్రెంచి కుర్రాడు క్రిస్తోఫ్ రిబ్లోన్, సారెన్ దిగేటప్పుడు రోడ్డు పక్క కాలవలోకి పోయి కూడా లేచొచ్చి, చివరి రెండు కిలోమీటర్లలో ముందున్న అమెరికన్‌ని దాటాడు. ఆ ఏడాది ఫ్రాన్స్‌కి దక్కిన ఒకే ఒక్క స్టేజీ. మా పక్కింటి పెద్దాయన సైకిళ్ళవాళ్ళ వల్ల గడ్డి బండి తోలుకోవడానికి లేదని ఏడాదంతా తిట్టేవాడు, ఆ సాయంత్రం వైను సీసా పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

2015 ఏప్రిల్‌లో షాంబోన్ సొరంగం పోయింది. మా ఊరి నుంచి లోతారే, గాలిబియే, బ్రియాన్సన్ వైపు వెళ్ళే రోడ్డు మీద సరస్సు పక్కన ఉన్న సొరంగం. పైనుంచి కొండ జరుగుతూ లోపలి కప్పు పగిలి మూసేశారు. లా గ్రావ్ వైపు పల్లెల వాళ్ళకి మా వైపు రావడానికి దారే లేకుండా పోయింది, స్కూలుకీ ఉద్యోగాలకీ సరస్సు మీద పడవలు నడిపారు. మాకు తగిలిన దెబ్బ వాళ్ళ ముందు చిన్నది, కానీ దెబ్బే. వచ్చేవాళ్ళకి గాలిబియే లేదంటే సగం ఆనందం పోయినట్టే. మార్మోట్ దారి మార్చారు, ఆ ఏడాది టూర్ ఆఖరి కొండ స్టేజీ నుంచి కూడా గాలిబియే తీసేసి క్రువా ద ఫెర్ కనుమ మీదుగా తిప్పారు. రోజూ ఫోన్లు, మెయిళ్ళు, "రోడ్డు తెరుస్తారా?" అని. నాకేం తెలుసు! రద్దులు మొదలయ్యాయి. మా ఆయన మ్యాపు ముందేసుకుని రాత్రిళ్ళు కూర్చుని, ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న రోడ్లు, అడవిలో కొండ అంచున పోయేవి, పాత పల్లెల మీదుగా తిరిగేవి, వెతికి కాగితాల మీద గీసి ఇచ్చారు. తర్వాత్తర్వాత సొరంగం కొత్తది తవ్వి 2017 చివర్లో తెరిచినా, పాత గెస్టులు ఆ కాగితాల కోసమే అడిగేవాళ్ళు. పేరున్న కనుమలకంటే అవే బాగున్నాయనేవాళ్ళు. బాగుంటాయి మరి, అక్కడ మోటారు సైకిళ్ళ రొద ఉండదు.

డబ్బు సంగతి దాచడమెందుకు, ఈ వ్యాపారంలో ఎవరూ ధనవంతులవ్వరు. ఐదు గదులు, సీజను మే చివర నుంచి సెప్టెంబరు దాకా, అదీ కనుమల మీద మంచు తీసి రోడ్లు తెరిస్తేనే. బుకింగ్ సైటు వాడి కమీషను పోనూ, వాషింగ్ మెషీన్ కరెంటు పోనూ, మిగిలేది తక్కువ. చలికాలం స్కీయింగ్ వాళ్ళొచ్చేవాళ్ళు. వాళ్ళ గురించి నాకు చెప్పడానికేం లేదు, వాళ్ళకి ఆకలి తక్కువ.

2020లో మార్చి నుంచి మూత. టూర్ కూడా జులైలో కాకుండా ఆగస్టు చివరికి పోయింది. ఖాళీ గదుల్లో కిటికీలు తెరిచి మూసి వచ్చేదాన్ని. తర్వాతి ఏడాది జనం వచ్చారు, కానీ మారారు, బ్యాటరీ సైకిళ్ళు ఎక్కువయ్యాయి. మా ఆయనకి మొదట్లో గిట్టలేదు. నాకు మాత్రం నచ్చాయి, అంతకుముందు మొగుడు కొండెక్కుతుంటే వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు, ఇప్పుడు మొగుణ్ణి దాటుకుంటూ పైకెళ్ళి, కాఫీ తాగుతూ ఆయన కోసం ఎదురుచూశామని చెప్పి నవ్వేవాళ్ళు. 2022 సీజను అయ్యాక ఇల్లు ఒక బెల్జియం జంటకి అమ్మేశాం. మా ఆయనకి నడుం నొప్పి, నాకు ఇస్త్రీ మీద విరక్తి, పెద్ద కారణాలేం లేవు. మళ్ళీ గ్రెనోబుల్లో ఫ్లాటు.

2024 ఆగస్టులో ఆడవాళ్ళ టూర్ ఆల్ప్ ద్యుయెజ్ మీద ముగిసింది. టీవీలో చూశాం. మెలికలొస్తుంటే నేను ఒకటే వాగుడు, ఇక్కడ నీళ్ళు పట్టుకోవచ్చు, ఇదిగో చర్చి, ఈ తర్వాత కాస్త తేలిక అని. డెమి వొలరింగ్ ఆ రోజు స్టేజీ గెలిచింది, కానీ మొత్తం టూర్ నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో పోలండ్ అమ్మాయి కాషా నియెవియాదోమాకి వెళ్ళింది. గీత దాటాక ఇద్దరూ రోడ్డు మీదే పడిపోయారు.

"నీకు సైకిళ్ళంటే ఇష్టం లేదుగా" అన్నారు మా ఆయన.

"లేదు. ఆ ఓడిపోయిన పిల్ల మొహం చూడండి, ఈ రాత్రికి ఏం తినదు. వెచ్చగా చారు పోసి ఇవ్వాలి, ముద్దలు పెడితే సయించదు."